మాట్లాడకూడని గంట

ఆ రోజు నేను చెప్పిన జోకుకు ఎవరూ నవ్వలేదు. రేణిగుంటలో నాది పంక్చర్ షాపు. ఏడో తరగతితో నాకు బడి పీడ, బడికి నా పీడ వదిలాయి. టైరు ఊడదీసేలోగా లారీ డ్రైవర్లను నవ్వించడం నా అలవాటు. ఆ ఉదయం మాట సగంలోనే గొంతు జారిపోయింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

"ఏమప్పా, నీకే పంక్చర్ పడిందా?" అన్నాడు డ్రైవర్ మునిరత్నం. వాడి జోకుకు మాత్రం అందరూ నవ్వారు.

నెల రోజులు కషాయాలు తాగాను. మెడకు ఎడమ పక్క గడ్డ తేలాక తిరుపతిలో ఆసుపత్రికి వెళ్లాను. గొంతులోకి గొట్టం వేసి చూశారు, బయాప్సీ తీశారు. క్యాన్సర్. ఎడమ పక్క వోకల్ కార్డ్, అంటే మాట పలికించే తీగ, కదలడం లేదన్నారు.

"రేడియేషన్‌తో ప్రయత్నిద్దాం. ముందు పెట్ స్కాన్ కావాలి" అన్నారు డాక్టరమ్మ. అప్పట్లో దానికోసం మేము చెన్నైకి వెళ్లాల్సి వచ్చింది.

అదేమిటో నా పద్ధతిలో చెబుతాను. ట్యూబును చేత్తో తడిమితే ఆకారం తెలుస్తుంది. నీళ్లలో ముంచితేనే బుడగ ఎక్కడ లేస్తుందో తెలుస్తుంది. సీటీ స్కాన్ తడమడం, పెట్ స్కాన్ ముంచడం. రేడియేషన్ మందు కలిపిన చక్కెరను నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ గడ్డ గానీ, ఒంట్లో ఎక్కువ పని జరిగే చోటు గానీ దాన్ని ఎక్కువ తిని, తెర మీద మెరుస్తుంది. ఆ మెరుపును చూసి రేడియేషన్ ఎక్కడ గట్టిగా ఇవ్వాలో గీత గీస్తారు.

ఇంజెక్షన్ ఇచ్చి, "ఒక గంట కదలొద్దు, మాట్లాడొద్దు" అని చెప్పి నర్సు వెళ్లిపోయింది. నా ఒంట్లో రేడియేషన్ ఉంటుందని మా ఆవిడ సుగుణను బయటే ఆపేశారు. ఒక కుర్చీ, పక్కన అడ్డంగా ఒక గుడ్డ తెర. నన్ను అంత ఒంటరిగా ఎవరూ ఎప్పుడూ వదల్లేదు. తెర అవతల ఎవరో పెద్దాయన మెల్లగా ఏడుస్తున్నాడు.

"యా ఊరు పెద్దాయనా?" అన్నాను.

"సత్యవేడు నాయనా. భయంగా ఉండాది."

"భయమెందుకు? చక్కెర ఎక్కించినారు. కాఫీపొడి మరిచిపోయినట్టుండారు, అంతే."

ఆయన నవ్వాడు. ఇక నేను ఆగలేదు. ఆయన కోసమే మాట్లాడానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి భయపడింది నేను. ఆ పీల గొంతుతోనే గంటసేపు వాగాను.

వారం తర్వాత తిరుపతిలో డాక్టరమ్మ స్కాన్ బొమ్మలు చూస్తూ, "కుడి పక్క కూడా మెరుస్తోంది. ఇంజెక్షన్ తర్వాత మాట్లాడావా?" అన్నారు.

"నేనా మేడం? నోరు కుట్టేసుకోని కూసున్నా."

తిడతారని అబద్ధమాడాను.

"అయితే రెండు పక్కలా గట్టి డోసు ఇవ్వాల్సి రావచ్చు. మాట, మింగడం రెండూ బాగా దెబ్బతింటాయి."

ఇంటికి వచ్చి సుగుణకు అంతా చెప్పాను.

"మామా, నువ్వు గంటసేపు నోరు మూసుకోనింది నేనెప్పుడూ సూడలా. తిడితే తిట్టనీ. పోయి నిజం చెప్పు."

మర్నాడే వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు. "నువ్వు మాట్లాడేటప్పుడు కదలని పక్క పని కూడా మంచి పక్కే చేస్తోంది. అందుకే మెరిసి ఉండొచ్చు. కానీ నీ మాట మీద గీత మార్చలేను" అన్నారు. మళ్లీ గొట్టం, ఈసారి కుడి పక్క బయాప్సీ. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. కుడి పక్క ఏమీ లేదని తేలింది. గట్టి డోసు ఎడమ పక్కకే ఇచ్చారు.

ఏడు వారాలు. ముఖానికి మాస్కు వేసి బల్లకు బిగించి, అందరూ బయటికి పోయి తలుపు మూసేవారు. మూడో వారానికి నీళ్లు కూడా దిగలేదు, ముక్కులో గొట్టం పెట్టారు. మునిరత్నం వాళ్లు మొదట్లో చూడటానికి వచ్చేవారు. నాకు మాట రాదు, వాళ్లకు ఏం మాట్లాడాలో తెలియదు. సుగుణను పలకరించి లేచేవారు. తర్వాత రావడం మానేశారు. వాళ్ల తప్పేం లేదు. మా స్నేహమంతా నా నోటి మీదే నడిచింది.

ఇప్పుడు గడ్డ లేదు. గొంతు సగం ఉంది, అదీ మధ్యాహ్నానికి అయిపోతుంది. రోడ్డు చప్పుడులో నేనొకటి చెబితే, నవ్వాల్సిన చోట డ్రైవర్లు "ఆఁ? ఏమీ?" అంటారు. రెండోసారి చెప్పాక అది జోకు కాదు. అందుకే ఎక్కువగా వింటున్నాను. సుగుణ మాత్రం దగ్గరికి జరిగి కూర్చుంటుంది.

మీకు గానీ మీ వాళ్లకు గానీ ఈ స్కాన్ రాస్తే, ఆ గంట మాట్లాడకండి. మాట్లాడి ఉంటే మాత్రం దాచకండి. డాక్టరు అడిగినప్పుడు తల ఊపితే చాలు, దానికి గొంతు కూడా అక్కర్లేదు.