ఫుల్ సెట్ గడియారం

పెళ్లిచూపులకు పనికొస్తుందని నా బావమరిది ఎవరి దగ్గరో పాత స్విస్ గడియారం కొన్నాడు. బంజారా హిల్స్ సంబంధం మరి. పిల్ల తండ్రి ముందు చెయ్యి చూసి, ఆ తర్వాతే మొహం చూస్తాడని మధ్యవర్తి చెప్పాడట. ఇది తప్పిపోతే ఇలాంటి సంబంధం మళ్లీ రాదని మా వాడికి ఒకటే బెంగ.

“అసలుదేనా?” అన్నాను.

“ఫికర్ చెయ్యకు బావా. ఫుల్ సెట్ ఉంది. డబ్బా, బిల్లు, గ్యారంటీ కార్డు. కార్డు మీది నంబరు, గడియారం మీది నంబరు ఒక్కటే. జర చూడు.”

కాగితమంటే వాడికంత భక్తి. ఎందుకుండదు? మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చేసి, పక్క సందులో మూడేళ్ల అనుభవం కొనుక్కుని ఉద్యోగంలో చేరిన ఘనుడు. గడప కూడా తొక్కని కంపెనీ పేరిట లెటర్లు, జీతం స్లిప్పులు, అన్నీ ఫైల్లో వరసగా ఉన్నాయి. మా అత్తగారైతే ఆ ఫైలుకు పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందుంచింది.

నేనే బలవంతాన పంజాగుట్టలో పాత గడియారాలు కొని అమ్మే దుకాణానికి లాక్కెళ్లాను. దుకాణదారు వెనక మూత విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. ఎంతోసేపు చూడలేదు.

“కాగితాలు అసలువే సార్, కానీ వేరే గడియారంవి. గా నంబరే దీని మీద చెక్కిండ్రు. లోపలి మిషన్ డూప్లికేట్.”

మా వాడు శివాలెత్తిపోయాడు. “గింత మోసమా! లోపల ఏం లేకుండ కాగితాలు చూపిచ్చి అంటగడ్తరా? గిసొంటోళ్లను జైల్ల వెయ్యాలె బావా!”

నాకు ఒళ్లు మండింది. దయ్యాలు వేదాలు వల్లించడమంటే విన్నాను కానీ, పక్కన నిలబడి చూడటం అదే మొదలు.

అయినా ఆదివారం పెళ్లిచూపులకు సిగ్గులేకుండా దాన్నే పెట్టుకొచ్చాడు. కనబడాలని చొక్కా చెయ్యి పైకి తోస్తాడు, భయమేసి మళ్లీ కిందికి లాగుతాడు. సోఫాలో ఒక్క క్షణం కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఇంతా చేస్తే పిల్ల తండ్రి వాడి చేతి వంకైనా చూడలేదు. ఇంకాస్త కాఫీ తీసుకోమన్నాడు. వాడి మొహంలోకి మళ్లీ కళ వచ్చింది.

అప్పుడు పిల్ల నోరు విప్పింది. ఆ అమ్మాయి ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తుంది.

“మొదటి కంపెనీలో మూడేళ్లు చేశారటగా. ఆఫీసు ఎక్కడుండేదండీ?”

మామూలుగానే అడిగింది. మా వాడు చొక్కా చెయ్యి పైకి తోసి టైమెంతయిందో చూసుకున్నాడు.