తౌనో పెట్టిన చిన్న గీత

రౌమా ఊళ్లో తౌనోను ఎరగనివాళ్లు తక్కువే గాని, అతని పని ఏమిటో తెలిసినవాళ్లు మరీ తక్కువ. ఊరి మ్యూజియం వెనకగదిలో కంప్యూటర్లను కాచుకుని కూర్చోవడం అతని ఉద్యోగం. లేసు అల్లే ముసలమ్మల మాటలు, పాటలు, ఇరుగుపొరుగు పోట్లాటలు ఆ యంత్రాల్లో భద్రంగా ఉంటాయి. ఇంటింటికీ తిరిగి వాటిని రికార్డు చేసింది అతని భార్య ఇర్యా. లేసు అల్లే దిండు మీద దారపు కండెలు టకటకలాడుతుంటే పక్కన కూర్చుని, ఆ ఊరి యాసలోనే కదిపి, కవ్వించి, వాళ్లచేత చెప్పించేది. నిరుడు చలికాలంలో ఆమె పోయింది.

జనానికి వినిపించే ప్రతుల్లో ముసలమ్మల గొంతులే ఉంటాయి. ఇర్యా ప్రశ్నలన్నిటినీ తౌనోయే కత్తిరించాడు, అదీ ఆమె చెబితేనే.

"నా గొంతెవరిక్కావాలి, తీసెయ్. వాళ్లని విననీ," అనేది.

కత్తిరించని అసలు రికార్డింగులను మాత్రం ఆమె పారెయ్యలేదు. యంత్రంలో ఖాళీగా పడి ఉన్న పాత ఫోల్డరొకటి చూపించి, "ఇవి ఇందులో పెట్టుకోనా?" అని అడిగింది. "పెట్టుకో, అదిప్పుడెవరూ వాడట్లేదు," అన్నాడు తౌనో. మ్యూజియంలో జాబితాకెక్కిన వాటికే రెండో ప్రతి తీస్తారు. ఇవి జాబితాకెక్కనే లేదు.

ఈ శుక్రవారంతో తౌనో ఉద్యోగం ముగుస్తుంది. వెళ్లేటప్పుడు ఆ ఫోల్డరంతా ఒక డిస్కులోకి ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోవాలని అతని ఆలోచన. ఇన్ని నెలలు ఎందుకు ఆగాడంటే, ఆ గొంతు వినే ధైర్యం లేక. ఇప్పుడిప్పుడే కాస్త వస్తోంది.

వేషం మారిస్తే మనిషి ఎంతవరకు మారతాడన్నది పాత తగువు. మారువేషంలో తిరిగిన రాజుల కథలు ఏ దేశంలో విన్నా, చివరికి రాజును పట్టిచ్చేది అతని నడకో, తీయడం మరిచిన ఉంగరమో. తౌనో కాచుకునే లినక్సు యంత్రాల్లో ఈ తగువు తేల్చడానికి ఒక చిన్న గీత ఉంది. అక్కడ అన్ని తలుపులూ తెరవగల ఖాతాను రూట్ అంటారు. మామూలు మనిషి రూట్‌గా మారాలంటే ఎస్‌యూ అని రెండక్షరాలు కొట్టి పాస్‌వర్డు ఇవ్వాలి. అంతవరకే కొడితే అధికారం వస్తుంది. దాంతోపాటు, ఏది ఎక్కడుందో గుర్తుకోసం తాను పెట్టుకున్న సొంత అమరికలు కూడా చాలావరకు జేబులో సరుకులా వెంట వస్తాయి. పక్కన గీత పెట్టి కొడితే ఆ జేబులు గుమ్మం బయటే ఖాళీ అవుతాయి. లోపల ఉండేది రూట్, రూట్ సొంత అమరికలు, అంతే.

తౌనో ఇన్నేళ్లలో ఆ గీత పెట్టి ఎరగడు.

"మళ్లీ జేబులు నింపుకునే వెళ్లావా లోపలికి?" అనేది సిర్కు. అతను వెళ్లాక ఆ కుర్చీలో కూర్చోబోయేది ఆమే.

"నా జేబుల్లో నీకేం పనమ్మా?"

"నాకేం పన్లేదు. నువ్వు దాచుకున్న చెత్త ప్రోగ్రామేదో ఒకరోజు రూట్ హోదాలో నడుస్తుంది. అప్పుడు తెలుస్తుంది."

"అప్పటికి నేను చేపలు పట్టుకుంటుంటాను. అడిగితే నిన్నే అడుగుతారు."

"అందుకే మొత్తుకుంటున్నా. నేను చెప్పింది వింటావా, కాఫీ తాగుతావా?"

"కాఫీ పొయ్యమ్మా."

గురువారం వారవారీ శుభ్రం చేసే పని పడింది. తాత్కాలిక ఫైళ్లను తుడిచే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, తౌనో రాసిందే. సిర్కు కాఫీ కప్పుతో వెనక నిలబడి ఉంది. ఉద్యోగం వదిలేముందు పిల్ల మాట ఒక్కసారి చెల్లించుదామనిపించింది అతనికి.

"ఇదిగో చూడు, నీకోసం," అంటూ గీత పెట్టాడు.

"అబ్బో, వెళ్లిపోయేముందు దారిలో పడ్డావే."

స్క్రిప్టు ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపు నడిచింది. "ఈ వారం చెత్త బాగానే పోగేసినట్టున్నారు," అంది సిర్కు. తౌనో తలూపాడు.

శుక్రవారం కేకు కోశారు, డైరెక్టరు నాలుగు మాటలు మాట్లాడాడు, అందరూ చేతులు కలిపారు. తరువాత తౌనో వెనకగదికి వచ్చి, కొత్త డిస్కు తగిలించి, ఇర్యా ఫోల్డరు తెరిచాడు. అందులో ఏమీ లేదు.

స్క్రిప్టు తెరిచి చదివాడు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. తుడవాల్సిన చోటు ఇప్పటి పేరు ఆ స్క్రిప్టులో లేదు. తాత్కాలిక ఫైళ్ల చోటు మారినప్పుడు స్క్రిప్టు దిద్దడానికి బద్ధకించి, కొత్త పేరును తన సొంత అమరికల్లో పెట్టుకున్నాడు. ఆ అమరిక వెంట ఉన్నంతకాలం స్క్రిప్టు దాన్నే చదువుకుంది. నిన్న గీత పెట్టడంతో అది బయట ఉండిపోయింది. పేరు దొరక్కపోతే మొట్టమొదట వాడిన చోటునే తుడవమని ఎప్పుడో తానే రాశాడు. ఖాళీగా ఉంది కదా అని ఇర్యాకిచ్చింది ఆ చోటునే.

సిర్కు సాయంత్రందాకా వెతికింది. తుడవమనగానే ఆనవాలు లేకుండా తుడిచేసే రకం డిస్కు అది.

"గీత పెట్టమని పోరింది నేనే," అంది, అతనివైపు చూడకుండా.

"నువ్వు చెప్పింది సరైన పద్ధతే తల్లీ. స్క్రిప్టులో రాయాల్సింది జేబులో వేసుకు తిరిగింది నేను."

"తౌనో..."

"ఇంటికెళ్లు. మీవాళ్లు ఆవిరిస్నానానికి సానా గది కాచి ఉంటారు."

ఇంట్లో బూట్లు విప్పి, చొక్కా కూడా మార్చకుండా, జనానికి వినిపించే ప్రతి ఒకటి పెట్టుకున్నాడు. ఆల్లి అనే ముసలమ్మది. "లేదు, పెళ్లికి ముందే నేర్చుకున్నా," అంటోంది ఆల్లి. ఎప్పుడు నేర్చుకున్నావని ఇర్యా అడిగి ఉంటుంది. "ఛీ పో, ఆ సంగతి చెప్పను," అంటూ ఆల్లి పగలబడి నవ్వింది. ఇర్యా ఏం అడిగి ఉంటుందో తట్టలేదు. తనూ నవ్వే ఉంటుంది. ఆ నవ్వు ఎక్కడ మొదలై ఉంటుందో అని వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. అతుకు తెలియలేదు. అంత నేర్పుగా, ఊపిరి కూడా మిగలకుండా కత్తిరించాడు.

చివర్లో కండెల చప్పుడు ఆగింది. "ఇంకేమైనా అడుగుతావా?" అంది ఆల్లి.

రికార్డింగు అక్కడితో అయిపోయింది.