నాకంటే ముందు మంచు చూసిన డబ్బా

మా ఇంట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. ప్రయాణాల్లో పులిహోర పెట్టుకోవడానికి వాడతాం. అది నాకంటే ముందే ఆల్ప్స్ కొండలు చూసింది. దానికి సాక్ష్యంగా ఫోటో కూడా ఉంది. తెల్లటి మంచు మీద డబ్బా, దాని వెనక రంగురంగుల జాకెట్లలో మా ఆయన, మా పాప, అన్నయ్యగారి కుటుంబం, అందరూ నవ్వుతున్నారు. ఆ పులిహోర కలిపిన మనిషి ఆ సమయానికి ఐర్లాండ్‌లో, మేముండే అత్లోన్‌లో, వానలో తడుస్తూ చెత్తబుట్టని గేటు బయటికి లాగుతోంది.

అన్నయ్య అంటే సొంత అన్న కాదు. మా ఆయనకి కాలేజీలో సీనియర్, ఇప్పుడు ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో సహోద్యోగి. ఆయన భార్యని నేను వదిన అంటాను. వాళ్ళకి ఇద్దరు మగపిల్లలు. రెండు వీధుల అవతలే ఇల్లు. పండగైనా జ్వరమైనా ఒకరింటికి ఒకరం వెళ్తాం. అందుకే ఆ మొదటి ప్రయాణం సంగతి నేను మర్చిపోలేదు. పరాయివాళ్ళు చేస్తే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

అది ఆదివారం పొద్దున. ప్లాన్ మా ఇంట్లోనే వేశారు, మా డైనింగ్ టేబుల్ మీదే. అన్నయ్య లాప్‌టాప్ తెరిచారు. నేను స్టవ్ దగ్గర పెసరట్లు పోస్తున్నాను. ఒక్కో అట్టూ తీసుకుని టేబుల్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ప్లాన్ కాస్త ముందుకి జరిగి ఉండేది. మొదటి అట్టు వేళకి దేశం ఫ్రాన్స్ అయింది. తర్వాతి అట్టుకి ఏ వారమో తేలింది. ఉల్లిపాయ అట్లు అయ్యేసరికి హోటల్ కూడా దొరికింది. చివరికి నా అట్టు నేను వేసుకుని వచ్చి కూర్చునేసరికి టికెట్లు కూడా కొనేశారు.

"మరి నాకు వీసా కావాలి కదా" అన్నాను.

అన్నయ్యగారి పెద్దబ్బాయి చట్నీ గిన్నె తన వైపు లాక్కున్నాడు.

"అయ్యో, నీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టా!" అంది వదిన. ఆ 'ఇంకా' నాకు గుర్తుంది.

ఐర్లాండ్‌లో ఉంటే యూరప్ అంతా తిరగొచ్చని మనవైపు వాళ్ళు అనుకుంటారు. అది ఐరిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళ మాట. మన పాస్‌పోర్ట్‌తో ఇక్కడ ఎన్నేళ్ళు పన్ను కట్టినా, విమానంలో గంటన్నర దూరంలో ఉన్న ఫ్రాన్స్‌కి వెళ్ళాలంటే వీసా తీసుకోవాల్సిందే. వదినవాళ్ళ నలుగురికీ, మా ఆయనకీ, పాపకీ ఐరిష్ పాస్‌పోర్టులు ఉన్నాయి. వచ్చిన కొత్తలో వాళ్ళూ వీసాల కోసం తిరిగినవాళ్ళే, కానీ ఆ సంగతి శుభ్రంగా మర్చిపోయారు. మా ఆయన పౌరసత్వానికి అప్లై చేసిన ఏడాది నేను ఇండియాలో ఎక్కువ రోజులు ఉండటంతో నాది ఆగిపోయింది. ఆ సంగతి ఆయన ఒక పుట్టినరోజు పార్టీలో నలుగురి మధ్య జోక్‌లా చెప్పి నవ్వించారు. ఆ తర్వాత నేను అప్లై చెయ్యలేదు. చెయ్యను కూడా.

"ఏముంది చెల్లెమ్మా, గ్రాండ్! అప్లై చేసెయ్, వచ్చేస్తుంది" అన్నారు అన్నయ్య. ఇక్కడివాళ్ళు 'ఏం ఫర్లేదు' అనడానికి వాడే ఆ గ్రాండ్ అనే మాట ఆయన వచ్చిన మొదటి వారమే నేర్చుకున్నారు. ఏ కష్టం చెప్పినా ఆ మాటతో ముగించేస్తారు.

డబ్లిన్‌లో వీసా సెంటర్‌లో స్లాట్లు దొరకలేదు. రోజూ చూశాను, దొరకలేదు. బయల్దేరే ముందు రోజు వదిన మా ఇంటికొచ్చి పులిహోర డబ్బా తీసుకుంటూ, "పోన్లే, నీకు చలి పడదుగా" అంది. నాకు చలి పడదని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. ఈ ఊళ్ళో జనవరిలో సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్ళే మనిషిని నేను.

డబ్బా తిరిగొచ్చింది. మూత రాలేదు. కొన్నాళ్ళకి వదిన ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె మీద కనిపించింది. నేను అడగలేదు. ఇచ్చే బాధ్యత తీసుకున్నవాళ్ళది.

పోయిన శరత్కాలంలో మళ్ళీ ప్లాన్ మొదలైంది. అదే కొండ, అదే ఊరు, మళ్ళీ మా ఇంట్లోనే. ఈసారి నేను అట్లు పొయ్యలేదు. టీ పెట్టి, బిస్కెట్లు ప్లేట్‌లో పోసి, లాప్‌టాప్ ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"ఇవాళ అట్లు లేవా?" అన్నారు అన్నయ్య.

"లేవన్నయ్యా. ఇవాళ నేనూ ప్లాన్‌లో ఉన్నాను."

"అబ్బో! అయితే ఇవాళ ప్లాన్ రుచిగా ఉండదు."

"పోయినసారి ప్లాన్ చాలా రుచిగా ఉంది. నేనే తినలేదు."

మా ఆయన టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు.

నా షరతు ఒక్కటే. నా పాస్‌పోర్ట్‌లో వీసా అతికేదాకా ఎవరూ టికెట్లు కొనకూడదు. కావాలంటే తర్వాత రద్దు చేసుకోగలిగే హోటల్ బుక్ చేసుకుందాం, వీసాకి అది చాలు. నేను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. మా దగ్గర ఒకరు చేసిన పనిని ఇంకొకరు చూసి సంతకం పెట్టనిదే ఏ మందూ గేటు దాటదు. పోయినసారి ఈ ఇంట్లో ఆ రెండో సంతకం పెట్టే మనిషి అట్లు పోస్తూ ఉండిపోయింది.

"ఈలోపు సీట్లు అయిపోతే?" అంది వదిన.

"అయిపోతే ఎవరం వెళ్ళం."

"ఒక్కరి కోసం అందరం ఆగాలా?"

మా ఆయన వైపు చూశాను. ఆయన కప్పు కింద పెట్టి, "ఆగుదాం వదినా. పోయినసారి పాప రోజూ వాళ్ళమ్మతో ఫోన్ పెట్టేశాక ఏడ్చింది" అన్నారు. పాప ఏడ్చిందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో నాకు మాత్రం "ఐమ్ గ్రాండ్, మామ్" అనేది. చెప్పనందుకు ఆయన మీద కూడా నాకు కోపం ఉంది. కానీ ఆ రోజుకి ఆ మాట పనికొచ్చింది కాబట్టి ఊరుకున్నాను.

స్లాట్ కోసం తెల్లవారగానే లేచి చూడటం అలవాటు చేసుకున్నాను. ఈలోగా ఇంకో పని కూడా చేశాను. డబ్లిన్ అవతల కొండవాలు మీద బ్రష్షుల్లాంటి ప్లాస్టిక్ చాప పరిచిన చోటు ఒకటి ఉంది. మంచు లేకుండానే అక్కడ స్కీయింగ్ నేర్పిస్తారు. శనివారాలు పాపతో అక్కడికి వెళ్ళాను. వానలో తడిసిన ఆ చాప మీద పడితే మోచేతులు గీరుకుపోతాయి. మాకు నేర్పించినావిడ మొదటి రోజు ముందుకి వెళ్ళడం నేర్పలేదు. పడటం, లేవడం, ఆగడం, ఇవే నేర్పింది. ఆగాలంటే కాళ్ళకి కట్టుకున్న స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టాలి. పిల్లలకి దాన్నే పిజ్జా ముక్క అని చెప్తారు. "పిజ్జా, మామ్! పిజ్జా!" అని పాప అరుస్తుంటే నేను కంచె దాకా వెళ్ళి ఆగాను. మూడో శనివారానికి కంచె అవసరం లేకుండా ఆగగలిగాను. ఈ సంగతి వదినకి చెప్పలేదు.

స్లాట్ దొరికింది. వీసా వచ్చింది. ఆ పేజీ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టాను, కింద ఏమీ రాయలేదు. అన్నయ్య మాత్రం బొటనవేలు గుర్తు పెట్టారు. టికెట్లు నేను చూస్తుండగానే కొన్నారు.

బయల్దేరే ముందు ఆదివారం వదిన ఇంట్లో స్కీయింగ్ రోజు ప్లాన్ వేశాం. పొద్దున్నే బస్సు, బూట్లు అద్దెకి తీసుకోవడం, పిల్లలు పెద్ద వాలు వైపు, పెద్దవాళ్ళు చిన్న వాలు వైపు, మధ్యాహ్నం అందరూ కింద బెంచీల దగ్గర కలవడం. అక్కడి హోటల్లో బయటి తిండి తిననివ్వరు. బెంచీల దగ్గర ఎవరూ ఏమీ అనరు. మనవాళ్ళ ప్లాన్ ఏదైనా తిండి దగ్గరికి వచ్చేసరికి బలం పుంజుకుంటుంది. పులిహోర, చపాతీ చుట్టలు, బంగాళాదుంప వేపుడు, ఫ్లాస్కుల్లో టీ. సంచులు ఒక్కొక్కటే పెరిగాయి.

"ఇన్ని సంచులు బెంచీ మీద పెట్టి వెళ్తే ఎవరు చూస్తారు?" అన్నాను.

అందరూ నా వైపే చూశారు.

"నువ్వుంటావనుకున్నాం" అంది వదిన. "మొదటిసారి కదా, పడితే అదో గొడవ. ఎండలో టీ తాగుతూ హాయిగా కూర్చోవచ్చు."

ఇన్ని నెలలు ఆపి, వీసా తెచ్చుకుని, మోచేతులు గీరుకున్నది డబ్బా పక్కన కూర్చోవడానికా?

అప్పుడు పాప తలెత్తకుండా, ఫోన్‌లోకి చూస్తూనే, తన ఐరిష్ యాసలో చెప్పింది. పోయినసారి ఆంటీ కూడా రోజంతా బెంచీ మీదే కూర్చుంది, చలికి వణికిపోయింది, ఆంటీ అసలు స్కీయింగ్ చెయ్యనే లేదు.

నేను వదిన వైపు చూశాను. ఆవిడ చపాతీ చుట్టలకి తెచ్చిన కాగితం మడతలు సరిచేస్తోంది. ఫోటోలో ఆవిడ కాళ్ళకి ఉన్న స్కీలు నాకు బాగా గుర్తు. ఫోటో కోసం కొడుకువి కట్టుకుని నిలబడిందన్నమాట.

"మరి ఈసారి నేను వెళ్ళొద్దా?" అంది మెల్లగా, కాగితంతోనే చెప్తున్నట్టు. అన్నయ్య గ్రాండ్ అనబోయి ఆగిపోయారు.

నాకు జాలేసింది. నిజంగానే వేసింది. కానీ జాలి వేరు, మూత వేరు.

"ఎవరూ కూర్చోరు," అన్నాను. "డబ్బా రాదు. ఫ్లాస్కులు రావు. పులిహోర పొట్లాలు కడతాను. ఎవరి పొట్లం వాళ్ళ జాకెట్ జేబులో."

"జేబులో పులిహోరా? నూనె అంటుకోదూ?" అన్నారు అన్నయ్య.

"అంటుకుంటే ఉతుక్కోండి."

"వేపుడు?"

"వేపుడు ఇంటికొచ్చాక."

అలా ఆ ప్లాన్‌కి రెండో సంతకం నేను పెట్టాను.

ఆ రోజు కొండ మీద ఎండ కాసింది. చిన్న వాలు దగ్గర వదిన నిలబడిన చోటే పడింది. లేవడానికి అన్నయ్య చెయ్యి ఇచ్చారు. ఆయనా పడ్డారు. నేను పిజ్జా ముక్కలా పెట్టుకుని నెమ్మదిగా దిగి, ఆవిడ పక్కన ఆగాను. సరిగ్గా ఆగాను.

"నీకెలా వచ్చు?" అంది వదిన కింద నుంచి.

"ముందు పక్కకి తిరుగు. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టు. ఇప్పుడు లే."

లేచింది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. మధ్యాహ్నానికి ఇద్దరం కంచె పక్కన నిలబడే పొట్లాలు విప్పాం. పులిహోర ఒంటి వేడికి ఇంకా గోరువెచ్చగానే ఉంది. వదిన రెండు ముద్దలు తిని, "ఉప్పు కొంచెం తక్కువైంది" అంది.

అది కూడా గుర్తుపెట్టుకున్నాను. ఆ తర్వాత ఇద్దరం మళ్ళీ పైకి వెళ్ళాం. ఆ వేళకి డబ్బా అత్లోన్‌లో, మా వంటింటి అలమరలో ఉంది, మూత లేకుండా.