గోడ అవతలి పిడి

మా అత్త గ్యాసు పొయ్యి ఉన్న వంటింట్లో అడుగు పెట్టేది కాదు. నేను కాపురానికి రాకముందే కిరసనాయిలు స్టవ్వు పేలి ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా కాలిందట. అప్పట్నుంచీ పెరట్లో రాళ్ళ పొయ్యి మీదే వండేది. మేడ్చల్ బస్ డిపో దగ్గర మా చిన్న హోటల్ నడిచిందంటే ఆ పొయ్యి మీది కోడికూర వల్లే. నేను వండిన రోజు డ్రైవర్లు మర్యాదకు తిని లేచిపోయేవాళ్ళు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండేది.

రెండు వేల సంవత్సరం దాటాక శామీర్‌పేట వైపు కాలేజీలు లేచాయి. పిల్లలు బండ్ల మీద వచ్చి, "ఆంటీ, గ్రిల్ చికెన్ లేదా?" అని అడిగి, లేదంటే వెనక్కి తిరిగేవాళ్ళు. చూసి చూసి మా ఆయన అల్వాల్‌లో మూతపడ్డ బేకరీ నుంచి పాత గ్యాసు గ్రిల్లు ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. పెద్ద ఇనుప పెట్టె. అందులో మంట పైనుంచి కిందికి కొడుతుంది. అత్త గడప అవతలే నిలబడి ముక్కున వేలేసుకుంది.

"మంట నెత్తి మీద ఉండే పొయ్యి ఏడనన్న ఉంటదా? గీ దయ్యాన్ని ఇంట్ల పెట్టకుర్రి. పెడితే ఇగ నేను గరిటె పట్ట."

అదీ మా పరేషాన్. మసాలా పట్టించే చెయ్యి, ముక్క ఎప్పుడు తియ్యాలో తెలిసిన కన్ను ఆమెవి. ఆమె లోపలికి రాకపోతే ఆ పెట్టె మాకు దండగ.

బిగించడానికి వచ్చిన మిస్త్రీ ఒట్టి వాగుడుకాయ. వస్తూనే మా ఆయన మీద పడ్డాడు.

"అన్నా, పొయ్యి పెట్టే జాగ మీద కట్టె పలక, దాని మీద దేవుళ్ళు, దీపం! దేవుళ్ళనే కాలవెడతవా ఏంది?"

దేవుడి పటాలు ముందు గదిలోకి మారాయి. పలక, క్యాలెండరు ఊడిపోయాయి. సిలిండర్లను గోడ అవతల పెరట్లో, రాళ్ళ పొయ్యికి దూరంగా, ఇనుప జాలీలో పెట్టి, గోడకు బెజ్జం కొట్టి ఇనుప పైపు లోపలికి తెచ్చాడు. గ్యాసు కిందికే దిగుతుందని నేల దగ్గర కూడా గాలి పోయే సందు పెట్టించాడు. చివర్న సబ్బు నురుగు తీసి ప్రతి అతుకుకీ పూశాడు. ఒక చోట బుడగ లేచింది. తిట్టుకుంటూ విప్పి మళ్ళీ బిగించాడు.

పెరట్లో ఉన్న అత్తనూ వదల్లేదు. సిలిండర్ల దగ్గర పైపుకు బిగించిన పిడిని చూపించాడు. "పెద్దమ్మా, గీ పిడి జూడు. పైపుకు అడ్డం తిప్పినవంటే లోపలికి గ్యాసే పోదు. ఇగ మాలిక్‌వి నువ్వే."

"పోరా, నీ పిడి నువ్వే తిప్పుకో" అంది అత్త. అంది గానీ, చూడటం మానలేదు.

కొత్త పొయ్యి అంటే పాలు పొంగాల్సిందే కదా. గ్రిల్లులో పాలు పొంగవు కాబట్టి, అదే పైపు మీదున్న పక్క పొయ్యి మీద గిన్నె పెట్టాం. పాలు పొర్లితే మంట ఆరిపోతుందని మిస్త్రీ చెప్పే వెళ్ళాడు. మా ఆయన వింటేనా! "నిండ పొంగాలె" అంటూ మంట పెద్దది చేసి, హారతి తేవడానికి ముందు గదిలోకి వెళ్ళాడు.

పాలు బుస్సున పొంగాయి. "పొంగినయ్, పొంగినయ్!" అని నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అంతలో ముక్కుకు వాసన తగిలింది. గిన్నె కింద మంట లేదు, సుయ్‌మని చప్పుడు మాత్రం వస్తోంది. పొయ్యి మీట తిప్పుదామని చెయ్యి పెడితే కారుతున్న పాలు చుర్రుమన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, మా ఆయన వెలుగుతున్న కర్పూరం పళ్ళెంతో నడిచి వస్తున్నాడు.

"ఆడ్నే ఆగు! పళ్ళెం బయటికి తీస్కపో!" అని గొంతు చించుకున్నాను.

ఆయన ఆగాడు. సుయ్ చప్పుడూ ఆగింది. కానీ నేను ఏదీ తిప్పలేదు. కిటికీలోంచి చూస్తే అత్త, కాలిన చేత్తోనే పిడి పట్టుకుని నిలబడి ఉంది.

"జల్దీ బయటికి రాండ్రి! స్విచ్చులు ముట్టకుర్రి!"

పెరట్లోకి వెళ్ళి ఆమెను వాటేసుకుని ఏడ్చేశాను. ఆమె ఎడం చేత్తో నా వీపు నిమిరింది. పిడి మాత్రం వదల్లేదు.

"నా చెయ్యి కాల్చిన స్టవ్వుకు గిట్ల ఆపేటిది ఏదీ లేకుండె బిడ్డా" అంది.

తలుపులు బార్లా తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా బయటే కూర్చున్నాం. మిస్త్రీ వచ్చి పొయ్యి కడిగించి, నురుగుతో అతుకులన్నీ మళ్ళీ చూసి, మా ఆయనను కూడా బాగానే కడిగాడు. పాలు అత్త తన రాళ్ళ పొయ్యి మీద పొంగించింది.

తర్వాత కొంగు నడుముకు దోపి, నన్ను పిడి దగ్గర నిలబెట్టి, గడప దాటింది. గ్రిల్లు ముందు నిలబడి అగ్గిపెట్టె తీసింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

"పిల్లా, ఉన్నవా?"

"ఉన్న అత్తా, పిడి మీదనే ఉంది చెయ్యి."

అత్త అగ్గిపుల్ల గీసింది.