ఆగి ఉన్న మోటార్లు

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, నన్ను అనకాపల్లి ఫీల్డు క్యాంపుకి అబ్జర్వరుగా వేశారు. అబ్జర్వరంటే ఊరికే చూస్తూ కూర్చునేవాడు కాదు. రికార్డింగు వ్యానులో ఉండి, భూమిలోంచి వచ్చిన కంపనాలు సరిగా నమోదయ్యాయని సంతకం పెట్టవలసినవాడు. ఏది చెడినా ముందు దొరికేది ఆ సంతకమే.

పని చెప్పడానికి తేలిక. గొలుగొండ వైపు లోతుగా బోరు వేసి, మందు దించి, మట్టితో బిగించి పేలుస్తారు. ఆ కంపనాలు భూపటలం అడుగు దాకా దిగి, అక్కడ తగిలి, యాభై కిలోమీటర్ల ఇవతల తుమ్మపాల చెరకు తోటల్లో పైకి వస్తాయి. అప్పటికి అవి ఎంత నీరసించి ఉంటాయంటే, పక్క గట్టు మీద ఎవరైనా గునపం వేసినా మరి దొరకవు. వాటిని పట్టడానికి నేలలో గుచ్చే చిన్న డబ్బాలనే జియోఫోన్లంటారు.

ఆ రోజుది ఆఖరి పేలుడు. మందుకిచ్చిన అనుమతి ఆ సాయంత్రంతో సరి. ఇది పోతే తుమ్మపాల కింద భూపటలం మందం ఎంతో మా సర్వే చెప్పలేదు.

జియోఫోన్లు పెట్టిన తోట పైడమ్మది. అరవై దాటిన మనిషి, చుట్టుపక్కల రైతులకు ఆవిడ మాటంటే మాటే. తోటల్లో నీటి మోటార్లన్నీ ఆగి ఉన్నాయా అని అడిగాను.

"ఒక్కటీ తిరగట్లేదు బాబూ, సూసుకోండి" అంది.

చూసుకున్నాను. లాగ్‌బుక్‌లో 'మోటార్లు బంద్' అని రాసి, వైర్‌లెస్‌లో సరే అన్నాను.

పేల్చారు. అడుగు నుంచి రావలసిన కంపనం పదిహేనో సెకనుకి రావాలి. ఏడో సెకనుకి త్రీఫేజ్ కరెంటు వచ్చింది. తోటలన్నిట్లో మోటార్లు ఒక్కసారే తిరిగాయి. తెర మీద మోటార్ల మోత తప్ప మరేమీ మిగల్లేదు.

ఇదేమిటమ్మా అని అరిచాను. ఆవిడ తాపీగా జవాబిచ్చింది.

"పొద్దున్నించి కరెంటు లేదు బాబూ, అందుకాగేయి. అదెప్పుడొత్తాదో ఎవులికి తెలుసు? అందుకే అందరం ఆటోలెట్టుకున్నాం. కరెంటొత్తే దానికదే తిరుగుతాది. ముందే సెప్తే ఫీజులు పీకేద్దుం కదేటి?"

నలభై కిలోమీటర్ల లోతున ఏముందో చెప్పే ఉద్యోగం నాది. మోటారు షెడ్డులో గోడకి బిగించిన ఆటో స్టార్టరు సంగతి నాకు తెలియదు.

రైతులు సహకరించలేదని రాసేయమన్నారు పార్టీ చీఫ్, అంటే మా బృందానికి పెద్ద. నా ప్రమోషను ఫైలు కదులుతున్న రోజులవి. రాద్దామనే పెన్ను తీశాను. బయట పైడమ్మ తన కూలీలతో మా కేబుళ్లు చుట్టిస్తోంది. సిగ్గేసింది. 'మోటార్లు ఎందుకు ఆగి ఉన్నాయో అబ్జర్వరు విచారించలేదు' అని రాసి సంతకం పెట్టాను. చీఫ్ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ప్రమోషను రెండేళ్లు వెనక్కి పోయింది.

మా మ్యాపుల్లో తెలిసిన చోట నిండు గీత, ఊహించిన చోట చుక్కల గీత వేస్తారు. తుమ్మపాల కింద మాది చుక్కల గీత. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి క్యాంపులోనూ, ఏదైనా ఆగి ఉందని ఎవరైనా చెబితే, ఎవరు ఆపారని అడిగాకే సంతకం పెట్టాను.