రిబ్కమ్మ బిళ్ళ

బెంజమినన్న బొగ్గుబాయి నుంచి రిటైరై రెండేళ్ళయినా బాయి అలవాట్లు ఆయన్ను వదల్లేదు. గోదావరి నీళ్ళ నడుమ మునగకుండా మిగిలిన గుట్ట మీద ఒక రాత్రి ఉండి, గాలాలేసి బొచ్చె చేపలు పట్టుకొద్దామని నేనూ నా స్నేహితుడు మొగిలీ ఆయనింటికి పోయాం. ఆయన గాలాల మాటే ఎత్తలేదు. పాత నూనెడబ్బా రేకు కత్తిరించి మూడు బిళ్ళలు చేసి, మేకుతో నంబర్లు కొట్టాడు. ఒకటో నంబరు తనది.

బాయిలో దిగే మనిషి తన బిళ్ళను పైన కొక్కేనికి తగిలించి పోవాలి, తిరిగొచ్చి తీసుకోవాలి. బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

నాకు ఒళ్ళు మండింది. “మనం పోయేది చేపలకే, బాయిలకు గాదన్నా!”

“నీళ్ళయితేంది, బాయయితేంది? రిబ్క ఇంటికాడ బిళ్ళలు జూసుకుంట కూసుంటది.”

మసాలా పొట్లం కడుతున్న ఆయన భార్య రిబ్కమ్మ చేయి ఆపింది.

“నేను జూడ. ముప్పై ఏండ్లు నీ షిఫ్టు ఇడిసేదాక వాకిట్ల కూసున్న. ఇగ నాతోని గాదు. నేను గూడ వస్త.”

“మరి బిళ్ళలు?”

“కోడలు జూస్తది.”

ఆడమనిషి రాత్రిపూట గుట్ట మీదికేంటని మొగిలి నోరు తెరవబోతే కాలు తొక్కాను.

బెంజమినన్న ఒకటో నంబరు బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత తనకోసం మళ్ళీ రేకు కత్తిరించసాగాడు.