తోడు మట్టి

మొన్న ఆదివారం సాల్ట్ లేక్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు మొక్కలు నాటే ఉత్సవం పెట్టుకున్నారు. టోపీలు, బిస్కట్లు, మైకు, అన్నీ ఉన్నాయి, మట్టి తప్ప. రెండు సిమెంటు పలకల మధ్య అరచేతి లోతున గీకి, మొక్కను దాని నల్ల ప్లాస్టిక్ సంచీతో సహా అందులో దించి, సంచీ అంచు పైకి కనబడుతుండగానే ఫొటో దిగుతున్న మా సెక్రటరీ గారిని చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. పసిపిల్లకు కాళ్ళు మూటగట్టి నడవమంటారా అని నాకొచ్చిన బెంగాలీ అంతా వాడి అరిచాను. మూడో అంతస్తులో ఉండే హైదరాబాదు అమ్మాయి నన్ను పక్కకు తీసుకుపోయి మంచినీళ్ళిచ్చింది. ఇంతకంటే ఘోరం చూశాను, మొక్కలు నాటడం కోసం బతికున్న చెట్లు పీకిన వాళ్ళను చూశాను అని చెబితే కిసుక్కున నవ్వి, "ఆంటీ, ఇది గూడ మీ కథేనా?" అంది.

ఆ పిల్ల తప్పేం లేదు. హుగ్లీలో పట్టిన ఇలిశ చేప మా మేనత్తతో అచ్చ తెలుగులో బేరమాడిందని ఆమెకు చెప్పినదాన్ని నేనే. అలాంటివాటికి తలూపే జనం నిజంగా జరిగినదాన్ని మాత్రం నమ్మరు. మన వయసు వాళ్ళు నమ్ముతారేమోనన్న ఆశతో ఇక్కడ చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు. నాన్న గార్డెన్ రీచ్‌లో రేవు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. అమ్మ నా చిన్నప్పుడే పోతే మేనత్త వచ్చి ఇల్లు పట్టింది. నేను దర్జీ కొట్లకు బొత్తాలు కుట్టిపెట్టే పనిలో చేరిన రోజులవి, ఎర్రజెండాల ఊరేగింపు ఎదురైతే బస్సు దిగి నడుచుకుపోయే కాలం. అప్పటికే నాన్న ఛాతీ పాడైంది. ఏళ్ళ తరబడి బొగ్గు దించిన మనిషి, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేవాడు. దుమ్ము తగలనివ్వకండి, తగిలితే మనిషి దక్కడు అన్నాడు డాక్టరు. మా వరస ఇళ్ళ ముందు బంజరు, దాని అవతల బొగ్గు గుట్టలు. గాలి ఇటు మళ్ళితే పళ్ళెంలో అన్నం నల్లబడేది. ఇల్లు మారే స్తోమతు మాకు లేదు.

"గోడ కట్టనేం. తోపు కడదాం," అంది అత్త.

మా తీరాన ఇసుక ఊళ్ళోకి రాకుండా ఆపేవి సరుగుడు తోపులే కదా, బొగ్గు దుమ్మును మాత్రం ఎందుకాపవు అని ఆమె ఆలోచన. ఆ బంజరేమో కాలిన బొగ్గు చిట్టెం, ఇటుక ముక్కలు. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచేవి, ఒకసారి ఆ రవ్వతో అత్త చుట్ట వెలిగించుకుంది కూడా (ఇది నమ్మకపోయినా ఫరవాలేదు). వరసలోని ఆడవాళ్ళమంతా కలిసి ఎండలు ముదరకముందే మోకాలి లోతు గోతులు తవ్వాం. తవ్వగానే నాటుతామనుకుంటే, అత్త వాటిని అలాగే నోళ్ళు తెరిపించి వదిలేసింది. మట్టికి ఎండ తగలాలి, పురుగూ పుట్రా మాడిపోవాలి, తొందరపడితే గొయ్యి గొయ్యిగానే మిగులుతుంది అనేది. ఆ తర్వాత గంగ ఒడ్డు నుంచి ఒండ్రు, పేటలోని గేదెల కొట్టాల నుంచి మాగిన పేడ మోశాం. అత్త తట్ట కనబడితే చాలు, గేదెలు వాటంతటవే వెనక్కి తిరిగి నిలబడేవి.

ఇవన్నీ అయినా అసలుది వేరే ఉంది. అత్త పనిగట్టుకుని ఊరు వెళ్ళి, సరుగుడు విత్తనంతో పాటు పాత తోపు కింద మన్ను ఒక గోనెసంచీ నిండా రైల్లో తెచ్చింది. దాన్ని తోడు మట్టి అనేది. పాలలో కాస్త మజ్జిగ వేసినట్టు, కొత్త నేలలో ఆ మన్ను పిడికెడు కలపకపోతే సరుగుడుకు వేరు ఊనదట. రైల్లో టీసీ ఆ సంచీని పొడిచి చూసి, ఇది మా పుట్టినూరి మన్ను బాబూ అని అత్త అనగానే, టోపీ తీసి దండం పెట్టి, చిటికెడు నుదుటికి రాసుకుని దిగిపోయాడని నేను చెబుతూ ఉంటాను. టోపీ సంగతి నేను కలిపిందే.

నారు వెంట్రుకల్లా మొలిచింది. దాన్ని చిన్న సంచుల్లోకి మార్చి పెంచి, ఆ సంచులు చీరి, తోడు మట్టి కలిపి, నీరు నిలవకుండా మిట్టలు చేసి, తొలి వానకు నాటాం. నెలలు గడిచినా అవి జానెడు దాటక నేను విసుక్కుంటే, "కిందకి ఎల్తంది గుంటా, ఆగు," అనేది అత్త. మేకలకు అడ్డంగా ముళ్ళకంప కట్టాం. మరుసటి వానలకు నా భుజం దాటాయి. ఒక మధ్యాహ్నం నది మీంచి గాలి లేచి, ఆ సన్నటి రెమ్మలన్నీ ఒక్కసారి హోరుమంటే, మంచం మీద నాన్న తల తిప్పి, "సంద్రం," అన్నాడు. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో నవ్వు చూశాను.

ఆ నెల్లోనే ఎవరో పెద్దమనిషి మొక్కలు నాటడానికి వస్తున్నాడన్నారు. రోడ్డు పక్క స్థలం కావాలి, గోతులు తవ్వే ఓపిక ఎవరికీ లేదు, మెత్తబడిన నేల మాదొక్కటే. పేటలో క్లబ్బు నడిపే దాదా నలుగురు కుర్రాళ్ళతో వచ్చి కంప లాగేశాడు.

"గాఛ్ లాగాబో, మాసీ! చెట్లు పెడతాం!"

"ఇవేటి మరి? నీ కంటికి సీపురు కట్టల్లాగ అవుపిస్తన్నాయేటి?"

"ఝావు చెట్టు ఫొటోలో బాగోదు, మాసీ. పువ్వులు పూసేవి తెచ్చాం, చూడు."

ఝావు అంటే మా సరుగుడే. అడ్డం పడుకున్నాను. జుట్టు పట్టి లేపలేదు గాని, లేపినంత పనీ చేశారు. మా చెట్లు ఒక్కొక్కటీ వేళ్ళతో సహా పైకి వచ్చాయి. అత్త అరవలేదు, ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ మట్టి దులిపి, వాటికి కట్టిన బుడిపెలు నాకు చూపించింది. "సూడవే, ఎంత బాగా తోడుకుందో," అంది. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నా పళ్ళు పటపటలాడతాయి. అదే గోతుల్లో, నల్ల సంచులు విప్పకుండా, పూల మొక్కలు దించి, చప్పట్లు కొట్టుకుని, మిఠాయి తిని వెళ్ళిపోయారు. దుర్గాపూజ నాటికి ఒక్కటీ మిగల్లేదు, సంచులు మిగిలాయి. ఇంట్లో పొయ్యిలోకి పుల్ల లేని రోజుల్లో కూడా, ఎండిన మా సరుగుడు కట్టెను అత్త ముట్టనివ్వలేదు.

నాన్నకు చెప్పలేదు. దుమ్ముకు భయపడి కిటికీ తలుపులు మూసే ఉంచేవాళ్ళం, ఆయనకు బయట కనబడేది కాదు. మైకు గోల ఫుట్‌బాల్ పోటీదన్నాను. అప్పటి నుంచి మంచం పక్కన కూర్చుని రోజూ తోపును పెంచాను: ఇవాళ కరెంటు స్తంభాన్ని దాటింది, ఇవాళ చిలకలు దిగాయి, ఇవాళ ఓడ కెప్టెను దాన్ని చూసి మన ఊరనుకుని లంగరు వేయబోయాడు. హోరు వినబడదేమని ఆయన ఒక్కసారీ అడగలేదు. పోవడానికి కొద్దిరోజుల ముందు చెయ్యి చాపి కిటికీ చువ్వ మీద వేలు రాశాడు. వేలు కాటుకలా నల్లగా అయింది. దాన్ని దుప్పటి కింద దాచుకుని నాకేసి చూసి, "బుగ్గి తగ్గిందే గుంటా, మీ సెట్ల పున్నెం," అన్నాడు.

మొన్నటి ఉత్సవం అయిన మర్నాడు పొద్దున్నే బొత్తాల కత్తెర పట్టుకుని కిందకు దిగి, సెక్రటరీ గారి మొక్క సంచీ కోశాను. వేలు పెట్టి చూస్తే అడుగున సిమెంటు తగిలింది. గార్డెన్ రీచ్‌లో ఇప్పుడు ఆ బొగ్గు గుట్టలూ లేవు, బంజరూ లేదు, ఏవో గోదాములు లేచాయి. గొయ్యి తీసి, దానికి ఎండ చూపించి, తోడు మట్టి కోసం రైలెక్కే మనిషి నాకు ఎక్కడా కనబడలేదు. పై అంతస్తు పిల్ల నన్ను అబద్ధాలకోరంటే అననీ. ఆ చెట్లను వాటి మానాన బతకనిచ్చి ఉంటే, నాకు ఈ విద్య నేర్వవలసిన అవసరమే వచ్చేది కాదు.